ఇంటి పసుపుకు ధర

కమ్మర్‌పల్లిలో ఒక రైతు కొడుకు గల్ఫ్‌లో కొన్నేళ్లు పనిచేసి, కూడబెట్టిన పైసలతో ఊరికి తిరిగొచ్చాడు. అది 2025. ఆ ఏడు సంక్రాంతికే నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైంది. ఏ కల్లం దగ్గర విన్నా పసుపు ముచ్చటే. కొమ్ములను మార్కెట్ యార్డుకు తోలే బదులు, పొడి పట్టించి ప్యాకెట్లలో అమ్మితే బాగుంటుందని అతనికి తోచింది.

ఊరంతా అడిగాడు. అందరూ భేష్ అన్నారు. మోర్తాడ్‌లో చుట్టాలు, వేల్పూర్‌లో దోస్తులు కూడా అదే మాటన్నారు. ఆ ధైర్యంతో షెడ్డుకు జాగా చూశాడు, మిషన్లకు బేరం కుదుర్చుకున్నాడు. ఇక బయానా ఇద్దామని తండ్రిని అడిగాడు.

తండ్రి వద్దనలేదు. తమ కల్లంలోంచే ఇరవై కిలోల కొమ్ములు తూచి, ఆనాటి యార్డు ధర ప్రకారం కొడుకు చేత డబ్బు కట్టించుకున్నాడు. కొడుకు నొచ్చుకున్నాడు. ఇంటి పసుపే కదా అని, తన లెక్కలో కొమ్ములకు అతను పైసా కూడా వేసుకోలేదు. ఐదు క్వింటాళ్ల పచ్చి పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెడితే ఒక క్వింటాల్ తేలుతుంది. తొమ్మిది నెలల ఆ చాకిరీకి వెల కట్టకపోతే ఏ వ్యాపారమైనా లాభంగానే కనిపిస్తుంది.

ఊళ్లోని గిర్నిలో పట్టించి, పావుకిలో కవర్లు నింపి, భేష్ అన్నవాళ్ల ఇళ్లకే ముందు వెళ్లాడు. కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. ఒక్కరూ కొనలేదు. పసుపు పండే ఊళ్లలో ఎవరి డబ్బాలో వాళ్ల పసుపే ఉంటుంది. వాళ్లు అబద్ధమాడలేదు, తమకు అక్కరలేని సరుకును మనసారా మెచ్చుకున్నారు.

హైదరాబాద్ బస్సెక్కాడు. అక్కడ ఉంటున్న తమ జిల్లావాళ్లలో డెబ్బై ఇళ్లవాళ్లు కొన్నారు. తండ్రికి కట్టిన ధర, గిర్ని కూలి, కవర్లు, బస్సు కిరాయి పోను కొంచెమే మిగిలింది. అదే చాలనుకొని మళ్లీ బయానా మాటెత్తాడు. ఆ పావుకిలో ఇళ్లలో అయిపోయేదాకా తండ్రి ఆగమన్నాడు.

రెండు నెలలకు అవే గడపలు తొక్కితే, పన్నెండు ఇళ్లవాళ్లే మళ్లీ తీసుకున్నారు. మిగతావాళ్లు మొదటిసారి మన జిల్లా పిల్లగాడన్న అభిమానంతో కొన్నవాళ్లు. ఆ పన్నెండు మందికి కావలసింది తెలిసిన చేనులో పండిన పసుపు. రెండు రూపాయలు ఎక్కువైనా ఇస్తామన్నారు, పక్కింటివాళ్లను కూడా పరిచయం చేశారు.

అతను మిషన్ల బేరం వదులుకున్నాడు. ఊరి గిర్నిలోనే పట్టిస్తూ, ఆ పన్నెండు ఇళ్లు ముప్పై అయ్యేదాకా చూద్దామనుకున్నాడు. గల్ఫ్ పైసలు బ్యాంకులోనే ఉన్నాయి.

నీతి: కొత్త వ్యాపారం తలపెట్టినవాళ్లు ముందుగా తమ సరుకుకు, తమ చాకిరీకి బజారు ధర కట్టి చూసుకోవాలి. అలా కట్టాక కూడా ఏమైనా మిగిలితే, మెచ్చుకున్నవాళ్లను పక్కన పెట్టి, రెండోసారి డబ్బిచ్చి కొన్నవాళ్లెందరో లెక్కపెట్టాలి. షెడ్డుకు, మిషన్లకు, అప్పుకు పూనుకోవలసింది ఆ తర్వాతే.