లేచి తొక్కాలా, కూర్చుని తొక్కాలా?

మా ఇంట్లో ఈమధ్య ఒక తగువు బయల్దేరింది. ఆస్తి తగువు కాదు, అత్తాకోడళ్ళ తగువు అంతకన్నా కాదు. ఎత్తు రోడ్డెక్కేటప్పుడు సైకిలు సీటుమీద కూర్చునే తొక్కాలా, లేచి పెడల్స్ మీద నిలబడి తొక్కాలా? ఇదీ తగువు. నవ్వకండి. మాది విశాఖపట్నం. ఇక్కడ నాలుగడుగులు వేస్తే ఎత్తు, ఇంకో నాలుగడుగులు వేస్తే పల్లం. రెంటినీ కలిపి మేం 'డౌను' అనే అంటాం. దిగేవాడికీ అది డౌనే, ఆయాసపడుతూ ఎక్కేవాడికీ అది డౌనే.

తగువు మొదలెట్టింది మా అబ్బాయి. కాలేజీలో చేరాడని వాళ్ళ నాన్న గేర్ల సైకిలు కొనిపెట్టారు. రోజూ తెల్లారగట్ల బీచ్ రోడ్డుమీద తిరిగి, సముద్రం ఒడ్డు నించి యూనివర్సిటీ వైపు ఎక్కే రోడ్డు పట్టుకుని ఇంటికొస్తాడు. ఒకరోజు చెమటలు కారుకుంటూ వచ్చి, "అమ్మా, ఇవాళ సీటుమీంచి లేవకుండా మొత్తం ఎక్కేశాను" అన్నాడు, ఎవరెస్టు ఎక్కినవాడిలా. మావారు పేపరు దించారు. "అదేం గొప్పరా? మా రోజుల్లో లేచి నాలుగు తొక్కులు తొక్కితే డౌను పైన ఉండేవాళ్ళం. కూర్చుని ఈడుస్తూ ఎక్కడం ముసలాళ్ళ పని" అన్నారు. 'ముసలాళ్ళ' దగ్గర నావైపు ఎందుకు చూశారో ఆయనకే తెలియాలి.

మావాడి వాదన ఇది. సీటుమీద కూర్చుంటే ఒంటి బరువు సీటు మోస్తుంది, కాళ్ళు పెడల్ తిప్పే పని ఒక్కటే చూసుకుంటాయి. లేచి నిలబడితే బరువంతా పెడల్ మీద పడుతుంది. తోపు బలంగానే ఉంటుంది, కాదనడు. కానీ ఆ బరువుని నిలబెట్టుకునే చాకిరీ కూడా కాళ్ళమీదా చేతులమీదా పడుతుంది, గుండె దడదడలాడుతుంది. అంచేత నిటారుగా ఉన్న కాస్త దూరం లేవాలి, దూరాభారమైతే కూర్చోవాలి. నేను బి.ఏ. చదివినదాన్ని. ఫిజిక్సుకీ నాకూ హైస్కూల్లోనే చెల్లిపోయింది. అయినా ఈమాత్రం అర్థమైంది. చపాతీల పిండి కలిపేటప్పుడు నేను చేసేదీ ఇదేగా! పది చపాతీలకైతే గట్టు దగ్గర నిలబడి ఒళ్ళంతా వాల్చి రెండు నిమిషాల్లో కలిపేస్తాను. చుట్టాలొచ్చి యాభై చెయ్యాల్సొస్తే ముందు పీట వెతుక్కుంటాను.

మన భాషలో కూర్చున్నవాళ్ళకి మర్యాద లేదు, గమనించారా? కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్నారు. 'సొంత కాళ్ళమీద నిలబడ్డాడు' అంటే మెప్పు, 'చతికిలబడ్డాడు' అంటే ఇక వాడి పని అయిపోయినట్టే. కూర్చునే కొండెక్కినవాణ్ణి పొగడ్డానికి ఒక్క మాట దొరకదు, కావలిస్తే వెతికి చూడండి.

నా సందేహం తీర్చడానికి మావాడు ఫోన్లో పాత సైకిలు పందేలు చూపించాడు. ఇటలీవాడు పంతానీ, బక్కపలచని మనిషి, కొండ కనిపిస్తే చాలు లేచి నిలబడి దాన్తో దెబ్బలాటకి దిగినట్టు తొక్కేవాడు. 1998లో ఇటలీ పందెం, ఫ్రాన్సు పందెం రెండూ అతనివే. 2013లో ఇంగ్లీషువాడు ఫ్రూమ్ వెంటూ అనే బోడికొండమీద సీటుమీంచి లేవకుండానే కాళ్ళు గిరగిరా తిప్పి, పక్కవాణ్ణి వదిలిపెట్టి వెళ్ళిపోయాడు. చూడ్డానికి పంతానీయే బావున్నాడు, అబద్ధమెందుకు? అతను పడుతున్న పాట్లు మనకి కనిపిస్తాయి. ఫ్రూమ్ గారిని చూస్తే కుట్టుమిషను తొక్కుతున్నట్టుంది. పాట్లు కనిపిస్తేగానీ పనిచేసినట్టు నమ్మం. ఇంట్లో ఆడవాళ్ళకిది బాగా తెలుసు. గిన్నెలు చప్పుడు చేస్తూ కడిగితేనే కడిగినట్టు లెక్క.

ఆ ఫ్రాన్సు పందెం 1903లో మొదలెట్టిన డెగ్రాంజ్ అనే పెద్దమనిషికి గేర్లంటే మహా చిరాకుట. గేర్లు నలభై అయిదు దాటినవాళ్ళకే, మగాడన్నవాడు కండబలంతో గెలవాలి అన్నది ఆయన సిద్ధాంతం. (నాకు నలభై నాలుగు. ఇంకొన్నాళ్ళు ఆగితే ఆయన లెక్కలో నాకు గేర్లకి అర్హత వస్తుంది.) 1910లో ఆయన పందెం మొదటిసారి పిరనీస్ పెద్ద కొండలమీంచి సాగింది. ఆ ఏడు గెలిచిన లపీజ్ అంతటివాడు కూడా కొండమీద సైకిలు దిగి నెట్టుకుంటూ నడిచాడు. దారిలో పందెం అధికార్లు కనిపిస్తే హంతకులని తిట్టిపోశాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రయాణంలోనే గేరు మార్చుకునే సాధనాన్ని ఆ పందెంలోకి రానిచ్చింది 1937లో. అంతదాకా అంతంత వీరులూ కొండల్లో అయితే లేవాలి, లేకపోతే దిగాలి.

ఈ సంగతి దగ్గర నా ఆలోచన ఆగిపోయింది. మన మామూలు సైకిలుకి గేర్లుండవు. పెడల్ ఒక్క చుట్టు తిప్పితే బండి అయిదు మీటర్లకి పైనే వెళ్ళాలి, ఎత్తయినా పల్లమైనా. మావాడి సైకిలుకి అన్నిటికన్నా చిన్న గేరు వేస్తే చుట్టుకి రెండు మీటర్లు వెళ్తే చాలు. వాడు కూర్చుని నిదానంగా ఎక్కుతున్నాడంటే వాడి నిదానం వెనకాల ఆ చిన్న గేరుంది. అది లేనివాడిని "కూర్చో, తొందరపడకు" అంటే ఏం కూర్చుంటాడు? సైకిలే ఆగిపోతుంది.

నాలుగేళ్ళ కిందట ఒకమ్మాయి నా దగ్గరకొచ్చి అత్తింటి బాధలు చెప్పుకుంది. చేతిలో సొంత డబ్బు లేదు, ఇద్దరు పసిపిల్లలు, పుట్టింట్లో పలికే దిక్కులేదు. నవలలు రాసేదాన్ని కదా, ఏదో దారి చూపిస్తాననుకుంది. నేనేం చెప్పాను? "కాస్త ఓపిక పట్టమ్మా, అన్నీ సర్దుకుంటాయి" అన్నాను. ఆ అమ్మాయి రెండు నెలలు ఓపిక పట్టి, ఒకరోజు పిల్లల్ని తీసుకుని లేచి వెళ్ళిపోయింది. నలుగురూ తొందరపాటన్నారు. నేను అనలేదుగానీ, మనసులో అనుకున్నాను. ఓపికని సలహాగా ఇవ్వడం ఎంత సులువు! అది పట్టుకోడానికి చేతికి ఏదైనా అందించామా అని నేను చూసుకోలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇంతసేపూ చుట్టూ తిరుగుతున్నది అది చెప్పలేకే.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా నాన్న నన్ను వెనక కేరియర్ మీద కూర్చోబెట్టుకుని బడిలో దింపేవారు. దార్లో పెద్ద డౌను. నాన్న ఎప్పుడూ సీటుమీంచి లేచేవారు కాదు. రోడ్డుకి ఈ చివర నించి ఆ చివరకి, ఆ చివర నించి ఈ చివరకి పాములా మెలికలు తిరుగుతూ ఎక్కేవారు. అలా అడ్డంగా వెళ్తే ఎత్తు కాస్త తగ్గుతుంది, దూరం పెరుగుతుంది. అదీ సాగకపోతే దిగి, నన్ను మాత్రం దింపకుండా, నెట్టుకుంటూ నడిచేవారు. నా పక్క బెంచీ పిల్లని వాళ్ళన్నయ్య తీసుకొచ్చేవాడు. లేచి నిలబడి, చొక్కా గాలికి ఎగురుతుంటే, మమ్మల్ని దాటుకుని పోయేవాడు. ఆ పిల్ల వెనక్కి తిరిగి చెయ్యూపేది. నాకు తల తీసేసినట్టుండేది. మా నాన్నకి చేతకాదు అనుకునేదాన్ని.

ఒకరోజు పట్టుబట్టాను. "నాన్నా, నువ్వూ లేవొచ్చు కదా! అందరూ మనల్ని దాటేస్తున్నారు" అన్నాను. "కూర్చో తల్లీ, గట్టిగా పట్టుకో" అన్నారు. నేను ఊరుకోలేదు, ఏడుపు లంకించుకున్నాను. నాన్న లేచారు. నిలబడి తొక్కితే సైకిలు అటూ ఇటూ ఒరుగుతుంది. తొక్కేవాడు ఒక్కడే అయితే ఆ ఊపు బాగానే ఉంటుంది. వెనక ఎనిమిదేళ్ళ బరువు వేలాడుతుంటే బండి వశం తప్పుతుంది. నాలుగో తొక్కుకో అయిదో తొక్కుకో నా కుడి మడమ చక్రం చువ్వల్లో పడింది.

ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. చెప్పాల్సింది మచ్చ గురించి కాదు. ఆస్పత్రి నించి ఇంటికొచ్చాక నాయనమ్మా అమ్మా కలిసి నాన్నని వాయించేశారు. "పిల్లని వెనక పెట్టుకుని వీరంగమేవిటి? నీకింకా కుర్రతనం పోలేదా?" అని. నాన్న తలొంచుకుని, "ఆఫీసుకి టైమైపోతోందని లేచాను" అన్నారు. నేను మంచంమీద కట్టుతో పడుకుని, కళ్ళు మూసుకుని అంతా విన్నాను. నేనే అడిగానని చెప్పలేదు. ఆ రోజే కాదు, ఈ ముప్పయ్యారేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. ఆ తరవాత నేను సైకిలు నేర్చుకుంటే, "ఆడపిల్లవి, సీటుమీంచి లేచావంటే కాళ్ళు విరగ్గొడతాను" అని నాయనమ్మ శాసించింది. ఆవిడ భయం నా మడమ గురించో, నలుగురి చూపుల గురించో తెలీదు. మొత్తానికి నేనూ కూర్చునే తొక్కాను.

కూర్చోవడం అందరికీ ఒకటి కాదని అప్పుడు తెలీలేదు. నేను కూర్చున్నది నాయనమ్మకి భయపడి. మా అబ్బాయి కూర్చుంటున్నది ఊపిరి ఆదా చేసుకోడానికి. నాన్న కూర్చున్నది వెనక నేనున్నానని. ఎదట నించి చూస్తే ముగ్గురం ఒక్కలాగే కనిపిస్తాం. దాటుకుని పోయేవాళ్ళకి వెనక కేరియర్ మీద ఎవరున్నారో చూసే తీరిక ఎక్కడ? వెనక కూర్చున్నదానికే తెలియలేదు.

పోయిన ఆదివారం మావాడి సైకిలు అడిగి తీసుకున్నాను. చుడీదారు, కాన్వాసు బూట్లు, మావారి ముసిముసి నవ్వులు, అన్నీ అయ్యాక బయల్దేరాను. సముద్రం పక్కన ఉన్నంతసేపూ హాయిగా సాగింది. ఎత్తు మొదలవగానే చిన్న గేరు వేసి కూర్చుని తొక్కాను. కాళ్ళు తిరుగుతున్నాయి, ఊరు మాత్రం కదలడం లేదు. ఒక పాలబ్బాయి మామూలు సైకిలుమీద, రెండు కేన్లు తగిలించుకుని, లేచి నిలబడి నన్ను దాటేశాడు. అతని చిన్న గేరు ఎవరు కొనివ్వాలి? సగంపైన రోడ్డు నిటారుగా ఉన్నచోట నాకూ బుద్ధి పుట్టింది. అటూ ఇటూ చూశాను, నాయనమ్మ పోయి పన్నెండేళ్ళయినా సరే. ఎవరూ లేరు. లేచాను. సైకిలు ఒరిగింది, నేనూ ఒరిగాను, మళ్ళీ అటు ఒరిగాం. పది తొక్కులు తొక్కాను. ఇంత బావుంటుందని నాకెవరూ చెప్పలేదేం? పదకొండో తొక్కుకి గుండె నోట్లోకొచ్చింది. దిగిపోయి, మిగతా రోడ్డంతా నెట్టుకుంటూ ఎక్కాను.

అమ్మ పోయాక నాన్న మా దగ్గరే ఉంటున్నారు. డెబ్భయ్యారేళ్ళు. వీధి అరుగుమీద కుర్చీలో కూర్చుని నేను రావడం చూశారు. సైకిలు గోడకి ఆనించి, ఆయన కాళ్ళ దగ్గర మెట్టుమీద కూలబడ్డాను. ఆయాసం తీరాక చెప్పేశాను. "నాన్నా, ఆ రోజు నువ్వు లేచింది ఆఫీసుకి టైమైపోయి కాదు. నేనేడిస్తే లేచావు. అమ్మతో, నాయనమ్మతో నేను చెప్పలేదు."

నాన్న నావైపు చూశారు. తరవాత సైకిలువైపు చూశారు.

"నువ్వేడ్చావా? ఏమో, నాకు గుర్తులేదే" అన్నారు. నిజంగానే గుర్తులేదో, నా ముఖం చూసి అన్నారో పోల్చుకోలేకపోయాను. ఇంకోసారి అడుగుదామని నోరు తెరిచేలోపు, చేతికర్రతో వెనక చక్రం చూపించి, "దాన్లో గాలి తక్కువగా ఉంది. అందుకే అంత ఆయాసపడ్డావు. వాడితో కొట్టించు" అన్నారు.