దూరపు చుట్టాలు

మిరప సీజన్లో ఎనుమాముల మార్కెట్‌కు పొద్దున్నే పోతే గేటు దాటకముందే తుమ్ములు మొదలవుతాయి. యార్డు నిండా బస్తాలు. రాత్రే వచ్చిన రైతులు కొందరు వాటి మీదే తువ్వాల కప్పుకొని పడుకున్నారు. జెండా పాటకు ఇంకా వేళ కాలేదు. తేజ రకం బస్తాలకు ఆనుకొని కూర్చున్న ఒక పెద్దాయనను పలకరించాను.

"ఇవన్నీ ఏడికి పోతయే బాపూ?"

"చైనాకు పోతయంటరు బిడ్డా. మనకేమెరుక." కాసేపాగి ఆయనే అడిగాడు, "వాళ్లు గింత కారం తింటరా?"

తినేవాళ్లు తింటారని, కొంత సరుకు నుంచి ఘాటునూ రంగునూ నూనెగా తీస్తారని చెప్పాను. నమ్మినట్టు లేదు. నేను మాత్రం ఆయన ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. తన కాయ ఎవరి నోట్లోకి పోతుందో, వాళ్లు తట్టుకుంటారో లేదోనని ఆయన బెంగ!

అసలు ఈ మిరపే మనది కాదు. అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు ఓడలెక్కి 1498 తరువాత మన తీరాలకు చేరింది. ఇక్కడికి కొద్ది దూరంలో ఉన్న కోటలో గణపతిదేవుడు గానీ రుద్రమదేవి గానీ మిరపకాయ రుచి ఎరగరు. వాళ్ల కారం మిరియాలది. కొత్తకాయ నాలుకను చుర్రుమనిపిస్తే మనవాళ్లకు మిరియమే గుర్తొచ్చింది, మిరపకాయ అన్నారు. పుల్లటి చింతను తలపించే ఇంకో పరాయి కాయ సీమచింత అయింది. మక్కజొన్న పేరులో మక్కా ఉందంటారు. అది పుట్టింది మెక్సికోలో. అయినా మనకు తెలిసిన దూరం హజ్ యాత్రంత. కోస్తావాళ్లు దాన్ని మొక్కజొన్న చేశారు. మక్కా మాయమై మొక్క మొలిచింది!

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది సీతాఫలం. వృక్షశాస్త్రం ప్రకారం అదీ అమెరికా చెట్టే. మన గుట్టల మీద ఎవరూ నాటకుండా, నీళ్లు పోయకుండా పెరిగేసరికి, పరాయిదని అనడానికి ఎవరికీ మనసు రాలేదేమో, ఏకంగా సీతమ్మ పేరు పెట్టేశారు. దాని తోబుట్టువు రామఫలం. ఊరు దాటని మనుషులు ప్రపంచాన్ని ఇట్లా ఇంట్లోకి పిలుచుకున్నారు. భూగోళం తప్పే. మర్యాద తప్పలేదు.

పూర్వులంతా ఇంతే ఉదారులని అనను. బాపట్ల జిల్లా మోటుపల్లిలో 1244 నాటి గణపతిదేవుడి అభయ శాసనం ఉంది. తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాత రాజులు లాక్కునేవారని అదే చెబుతుంది. తాను మాత్రం నిర్ణయించిన సుంకమే తీసుకుంటానని, ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకొని సముద్రానికి ఎదురెళ్లిన వర్తకుల మీది దయతో, కీర్తి కోసం, పుణ్యం కోసం మిగతాది వాళ్లకే వదిలేస్తానని ఆయన మాటిచ్చాడు. చందనం, కర్పూరం, చైనా కర్పూరం, పన్నీరు, దంతం, పగడాలు, పట్టు, మిరియాలు అంటూ వేటి మీద ఎంత సుంకమో రాతి మీద చెక్కించాడు. ఓడరేవు బాగుంటే బొక్కసం నిండుతుందన్న లెక్క ఆయనకు లేకపోలేదు. ఉంటే ఏం? ముఖం తెలియని మనిషి నష్టాన్ని కూడా ఆ లెక్కలోకి తీసుకున్నాడు.

అవతలివాళ్లు మనల్ని ఊహించుకున్న తీరు ఇంకో ముచ్చట. మార్కో పోలో మోటుపల్లిని ముట్ఫిలి అన్నాడు. న్యాయం తప్పని ఒక రాణి ఏలుబడిని, సాలెగూటి దారంలాంటి బట్టను మెచ్చుకున్నాడు. పాములు నిండిన లోయలోకి మాంసం ముక్కలు విసిరితే వజ్రాలు అంటుకుంటాయని, గద్దలు వాటిని పైకి మోసుకొస్తాయని కూడా చెప్పాడు. మనం చైనా గురించి చెప్పుకునే వాటిలో గద్దలు ఎన్నో!

నా ఫోన్‌లో ఇవాళ్టి మిర్చి ధర నిమిషంలో తెలుస్తుంది. డాలస్‌లో ఉన్న తమ్ముడి కొడుకుతో వారం వారం వీడియోలో మాట్లాడతాను. వాడి పక్కింట్లో ఉండేదెవరో, ఏం తింటారో ఇంతవరకు అడగలేదు.

పాట అయిపోయింది. పెద్దాయన ఆశించినంత రాలేదు, అయినా ఒప్పుకున్నాడు. కాంటా అయింది, తూకం రాసుకున్నారు. హమాలీ బస్తా మూతి కుట్టబోతుంటే ఆయన ఆగమని చెయ్యెత్తాడు. కింద రాలిన నాలుగు కాయలు ఏరి, మట్టి ఊదేసి, అదే బస్తాలో వేశాడు.