అవ్వ చేతి ప్రసాదము

పదార్థము వేఱు, ప్రసాదము వేఱు. పొలమున పండినదైనను, అంగడిలో కొన్నదైనను లింగమునకు అర్పింపబడు వఱకు అది పదార్థమే. అర్పించి స్వీకరించినపుడే ప్రసాదమగును. అష్టావరణములలో ప్రసాదమును కడపట చెప్పుదురు గాని, వీరశైవుని దినచర్యయంతయు దాని చుట్టునే తిరుగుచుండును. అన్నము విషయమున ఈ భేదమును గ్రహించుట సులభము. అరటిపండును చేతబట్టి శివార్పణమనుట యెవ్వరికిని కష్టము కాదు. ఆయుస్సు విషయమున ఆ మాట యనుట యెట్లు? అడుగకయే వచ్చిన బ్రతుకును, ఎంత వేడినను నిలువక పోయిన బిడ్డలను ఏ నోట శివార్పణమనవలెను?

దివిసీమలో ఇది వట్టి శాస్త్రచర్చ కాదు. పులిగడ్డ వద్ద కృష్ణ రెండు పాయలుగా చీలి, నడుమ ఏర్పఱచిన పల్లపు భూమి యది. 1977 నవంబరు 19వ తేదీ, శనివారము. కార్తీకమాసము, ఇంటింట దీపములు వెలుగవలసిన దినములు. ఆనాడు సముద్రము గట్లు దాటి ఊళ్లపైకి వచ్చినది. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి తీరగ్రామములు తుడిచిపెట్టుకొని పోయినవి. ఆ ఉప్పెనలో సుమారు 10,000 మంది మరణించిరి. 1864 నవంబరు 1వ తేదీన బందరును ముంచి, సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకొన్న ఉప్పెనను ముత్తాతల నాటి కథగా వినుచుండిన వారికి, ఆ కథ మరల కన్నుల యెదుట జరిగినది.

అట్టి చోట ఒక జంగమ గృహమును, అందు ఒక అవ్వను భావింపుడు. ఆనాడు ఆమెకు ముప్పదియేండ్లు దాటియుండును. నేడు ఎనుబదికి చేరువ. తాటిచెట్టును కౌగిలించుకొని బ్రతికినది. కన్నబిడ్డ లిరువురును దక్కలేదు. తోడికోడలి పసివాడొకడు మాత్రము మిగిలినాడు. వానికి తల్లియు లేదు, తండ్రియు లేడు.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున బెజ్జమహాదేవి కథ చెప్పినాడు. శివునకు తల్లి లేదు గదా, పాప మాతనిని పెంచువా రెవ్వరని ఆ ముగ్ధభక్తురాలు తలపోసి, తానే తల్లియై లింగమునకు లాలపోసి ఉపచరించినది. పండితులు విని చిఱునవ్వు నవ్వుదురేమో గాని, ఉప్పెన పిమ్మట దివిసీమలో ఆ కథకు అర్థము అన్వేషింప నక్కఱలేకపోయినది. తల్లి లేని శివుడు ఇంటి ముంగిటనే ఏడ్చుచుండెను. ఆ స్త్రీ వానిని ఎత్తుకొన్నది.

ఇచట ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. ఉప్పెనను శివప్రసాదమనుట భక్తి కాదు, క్రూరత్వము. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లిని కృతజ్ఞత చూపుమని అడుగుటకు ఏ గురువునకును అధికారము లేదు. అవ్వ కూడ అట్లనలేదు. పెంచిన కొడుకు ఎదిగి, గుడివాడలో ఉద్యోగము సంపాదించిన పిమ్మట ఒకనాడు అడిగినాడు: “పెద్దమ్మా, శివుడు నీ కేమి మిగిల్చినాడని ఈ పూజ?”

“మిగిలినది లెక్కపెట్టుకొని పూజ చేయుదునా నాయనా? ఆనాడు నన్ను పట్టి నిలిపినది ఒక తాటిచెట్టు. దానికి నేనేమి తిరిగి ఇయ్యగలను? అందుకే నీకు అన్నము పెట్టితిని” అన్నది ఆమె.

ఇచ్చినవానికే తిరిగి ఇయ్యవలెనన్నచో అది అప్పు తీర్చుటయే యగును. బసవేశ్వరుడు నేర్పిన దాసోహము మార్గము వేఱు. లింగమునకు ఆకలి లేదు. ఆకలి గలవాడు జంగముడు, గుమ్మమున నిలిచినవాడు. లింగమునకు చెందవలసినది వానికి పెట్టినపుడే చెందును. అవ్వ ఆయుస్సు ప్రసాదమైనది ఉప్పెన వలన కాదు, ఆ పసివాని నోటిలో పెట్టిన మొదటి ముద్ద వలన.

ఆ కాలమున బ్రతికిన వారిలో పెక్కుమందికి ‘నేనేల మిగిలితిని’ అను శల్యము గుండెలో విఱిగి నిలిచినది. దానికి పురాణములు బదులు చెప్పవు, పని చెప్పినది. కాయకమును బసవేశ్వరుడు కైలాసముతో సమానముగ నెంచుటలోని లోతు ఇట్టి యిండ్లలోనే తెలియును. ఉప్పెక్కిన దొడ్డిలో ఆమె నాటిన మొలక లెన్ని యెండినవో! నేల తిరిగి తీపియగు వఱకు నాటుచునే యున్నది.

బసవేశ్వరుని అక్క నాగమ్మను ఈ సందర్భమున స్మరింపక తీఱదు. కల్యాణము అల్లకల్లోలమై శరణులు చెదరినపుడు, కుమారుడైన చెన్నబసవనితో ఉళివి అడవులకు కదలిన శరణుల నడుమ ఆమెయు ఉన్నదని సంప్రదాయము. తమ్ముని, నగరమును, కట్టుకొన్న లోకమునంతయు వెనుక విడిచి, తోడివారిని నడిపించిన వృద్ధమాత. మన ప్రవచనములలో ఆమె పేరు ‘బసవని అక్క’ యను నంతటితో ముగియుచుండుట న్యాయము కాదు.

దివిసీమ అవ్వ నేటికిని తెల్లవాఱకముందే లేచును. విభూతి ధరించి, ఎడమ అఱచేత ఇష్టలింగము నుంచుకొని పూజించును. కార్తీక సోమవారములలో ఊరివారితో ఘంటసాల జలధీశ్వరాలయమునకు పోవును. పోయినను మెడలోని లింగమునకే ముందు మ్రొక్కును. ఇది ఆచారమా, అనాచారమా యని వాదించువారు వాదింతురు గాక, ఆమెకు తీఱిక లేదు. బందరు బస్సులో కూరగాయల సంచితో ఎక్కి, కండక్టరుతో చిల్లరకై పోట్లాడి, ఆ సంచిలోని వంకాయలే వానికి రెండిచ్చి దిగును. గుడివాడలోని మనుమరాండ్రు ‘మాతోనే ఉండుము నాయనమ్మా’ యని పట్టుపట్టుదురు. రెండు దినములుండును. మూడవనాడు దొడ్డిలో పాదులకు నీరు పోయువారు లేరని బయలుదేఱును.

ఇంటికి చేరి పొయ్యి ముట్టించినపుడు ఆమె ఎసరులో ఒక గిద్దెడు బియ్యము ఎక్కువ పోయును. ఎవరి కొఱకని అడిగినచో, “ఎవరో వత్తురు” అనును. ఆమె వడ్డించుచుండగా ఎవరో ఒకరు వచ్చుచునే యుందురు.