కష్టకాలమున పాలకుని మాట

దేశమునకు ఆర్థికముగా గడ్డుకాలము వచ్చినప్పుడు పాలకులు తరచుగా పలుకు మాట ఒకటున్నది: 'మనమందరము కొంతకాలము ఓర్చుకొనవలెను.' ఈ 'మనము' అనగా ఎవరు? ఓర్చుకొమ్మని చెప్పు అర్హత ఎవరికి కలదు? శరణమార్గమున నడచువారు విచారింపదగిన ధర్మప్రశ్న ఇది.

విజయపురి సౌత్ కృష్ణ కుడిగట్టున నున్నది. అచ్చటి నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసినారు. కుడికాలువ ఆయన పేరిటను, ఎడమకాలువ లాల్ బహదూర్ శాస్త్రి పేరిటను వెలసినవి. మొదటివారు రానున్న సమృద్ధిని గూర్చి పలికినారు; రెండవవారికి కొరతను గూర్చి పలుకవలసి వచ్చినది. 1965లో ఆహారపు కొరతయు, యుద్ధమును కలిసివచ్చినప్పుడు, శాస్త్రిగారు వారమునకొక పూట భోజనము మానుడని ప్రజలను కోరినారు. అంతకు ముందే తమ ఇంట ఆ నియమమును ఆచరింపజేసినారు.

ఒక పూట మానినంత మాత్రమున గాదెలు నిండునా యని కొందరడుగవచ్చును. నిండవు. కాలువ నీరు, మంచి విత్తనము, రైతు కాయకము కలిసిననే గాదెలు నిండును. దినమునకు ఒక్క పూటే తినువానికి ఆ విన్నపము వర్తింపదు కూడ. అయినను నుడికి ముందు నడత నిలిచినది గనుక ఆ మాటను జనులు నమ్మినారు.

1991లో తెలుగువారైన పి.వి. నరసింహారావు ప్రధానమంత్రి అయినప్పుడు విదేశీ మారకద్రవ్యము కొలది వారముల దిగుమతులకు మాత్రమే సరిపోవు స్థితి. జూలైలో రూపాయి విలువను రెండు మారులు తగ్గించినారు. దాదాపు 47 టన్నుల బంగారమును విదేశములలో కుదువ పెట్టినారు. జూలై 24న ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్, ప్రభుత్వమైనను దేశమైనను ఏటేటా శక్తికి మించి బ్రతుకజాలదని పార్లమెంటు సభ్యుల యెదుట స్పష్టముగా చెప్పినారు. అది సత్యమే. కాని ఆ బడ్జెట్టే ఎరువుల ధరను 40 శాతము పెంచినది. కాలువ క్రింద రెండెకరముల వరి సాగుచేయు రైతు ఏనాడు శక్తికి మించి బ్రతికినాడు? నిరసన రేగిన పిదప ఆగస్టులో పెంపును 30 శాతమునకు తగ్గించి, చిన్న, సన్నకారు రైతులను మినహాయించినారు. సత్యము చెప్పుట యొక ధర్మము. భారమును న్యాయముగా పంచుట మరియొక ధర్మము. మొదటిది రెండవదానికి బదులు కాజాలదు.

బసవేశ్వరులు బిజ్జలుని కొలువున భాండాగారమును నిర్వహించినవారు. రాలిన బియ్యము ఏరుకొని జంగమార్చన చేయు ఆయ్దక్కి మారయ్య ఒకనాడు ఎక్కువ బియ్యము తెచ్చినప్పుడు, నిత్యము తెచ్చుదానికి మించినది మనకేల యని లక్కమ్మ తిరిగి పంపిన కథ శరణులకు సుపరిచితమే. పేదలు మితముగా నుండవలెనని బోధించుటకు ఈ కథను వాడుట తగదు. ఆ మితమును లక్కమ్మ తనంతట తాను ఎంచుకొన్నది. ఎవరును ఆమెపై విధింపలేదు. భాండాగారి వంతు ఆ బియ్యమును ఎక్కువగా రాల్చుటయే. త్యాగము తనకు తాను విధించుకొన్న శీలము. ఇతరులపై విధించినచో అది పన్ను మాత్రమే.

కావున కష్టకాలమున పాలకుని మాటను మూడు విధముల తూచవలెను. ఉన్న స్థితిని దాచక చెప్పినాడా? ఎవరి వంతు ఎంతయో తెలిపినాడా? ముందుగా తన వంతు తాను మోసినాడా? కుటుంబమును నడుపు పెద్దకును, భక్తుల కానుకలతో నడచు మఠమునకును ఈ త్రాసే వర్తించును. దాసోహము చేయు చేతికే 'ఓర్చుకొనుడు' అను మాట పలుకు అర్హత కలుగును.