అడుగున నున్న ఇసుక

చిత్తశుద్ధి యనునది మలినమును ఒక్కపెట్టున పెల్లగించి పారవేయుటవలన కలుగునా, లేక దానిని క్రమక్రమముగా పరిణమింపజేయుటవలన కలుగునా యను ప్రశ్న మన వేదాంతగ్రంథములలో ఎంత పురాతనమైనదో, సాధకుని నిత్యజీవితమున అంత నూతనమైనది. ఈ ప్రశ్నకు సమాధానము నాకు మొదట గ్రంథములలో లభింపలేదు; అమెరికాలో హ్యూస్టన్ నగరమున మా అమ్మాయి ఇంట, ఒక గాజుతొట్టి అడుగున పరచిన ఇసుకలో లభించినది.

మా అల్లుడు ఆరేండ్లుగా ఉప్పునీటి అక్వేరియమును పోషించుచున్నాడు. సముద్రజలమునకు సమానముగా వేయింటికి ముప్పదియైదు పాళ్ల లవణము గల ఆ నీటిలో పగడములు విప్పారుచు ముడుచుకొనుచుండగా, వన్నెవన్నెల చేపలు వాని నడుమ సంచరించుచుండును. అడుగున నాలుగంగుళాల మందమున పరచిన తెల్లని ఇసుక మన గోదావరి ఇసుకవంటిది కాదు. పగడముల అస్థులును గుల్లలును అరిగి పొడియై ఏర్పడిన సున్నపు ఇసుక. చేపలు తినగా మిగిలిన మేతయు, వాని విసర్జనములును ఏండ్ల తరబడి ఆ ఇసుక సందులలోనికి దిగి నిలిచిపోయెను. ప్రక్కనుండి చూచినవారికి గాజు వెంబడి అడుగున నల్లని చారలు కనబడుచుండెను. రాళ్లమీద నాచు అలముకొనెను. నీటిలో నైట్రేటు నానాటికి హెచ్చుచుండెను. ఒక సెలవునాటి ఉదయమున అతడు ఆ ఇసుకనంతయు తీసివేసి క్రొత్తది పోయ నిశ్చయించి, "మామయ్యగారూ, మీరేమంటారు?" అని నన్నడిగెను. శౌచము సద్గుణమని చిన్ననాటినుండి నేర్చినవాడనగుటచేత, "శుభ్రము చేయుటకు ముహూర్తమెందుకు బాబూ, కానియ్యి" అని నేనే ప్రోత్సహించితిని.

సగము ఇసుక తోడునప్పటికే కుళ్లిన కోడిగ్రుడ్ల వాసన ఇల్లంతయు నిండెను. నీరు బూడిదవన్నెకు తిరిగెను. అతడు భయపడి పని నిలిపివేసి, చేతనైనంత క్రొత్త నీరు పోసినను, సాయంకాలమునకు చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచి ఊపిరికై తపింపసాగెను. తెల్లవారునప్పటికి రెండు చేపలు మరణించెను. ఆ మరణములలో నా మాటకును భాగమున్నదన్న బాధ నేటికిని నన్ను విడువలేదు.

కారణమును మేము పిదప తెలిసికొంటిమి. చేపల విసర్జనములనుండి పుట్టు అమ్మోనియా ఆ చేపలకే విషము. ప్రాణవాయువు సోకు పైపొర ఇసుకలో నివసించు సూక్ష్మజీవులు ఆ విషమును నైట్రైటుగను, పిమ్మట నైట్రేటుగను మార్చును. ఈ మార్పు జీవులు చేయు పనియే యని 1890 ప్రాంతమున రష్యన్ శాస్త్రజ్ఞుడు వినొగ్రాడ్‌స్కీ నిరూపించెను. ప్రాణవాయువు చాలని లోపొరలో వేరొక తెగ సూక్ష్మజీవులు నైట్రేటును విడగొట్టి, నత్రజనిని నిరపాయమైన వాయువుగా విడిచిపెట్టును. 1980ల దశకమున మొనాకోలో జోబేర్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, అడుగున కొంత నీటి అరను విడిచి, దానిపై మందమైన ఇసుకను పరచి, ఆ ఇసుకచేతనే నీటిని శుద్ధి చేయించుచు పగడములను పెంచి చూపెను. ఇక అన్నింటికంటె దిగువన, నైట్రేటు సైతము చేరని చీకటిలో, మరికొన్ని జీవులు సముద్రజలమునందలి గంధకలవణములతో జీవించుచు హైడ్రోజన్ సల్ఫైడును పుట్టించును. నల్లని చారలును, ఆ దుర్గంధమును దాని ఫలితములే. అది తన చోటనే యున్నంతకాలము, పైకి వచ్చు దారిలో పైపొరలు దానిని చాలవరకు విరిచివేయును. తట్టి లేపినప్పుడు అది యంతయు ఒక్కమారుగా నీటిలో కలియుటయే గాక, విషమును విరుచు జీవకోటియు ఇసుకతోపాటు బయటపడిపోవును. మేము మురికిని తీసివేయుచున్నామనుకొంటిమి. నిజమునకు ఆ మురికిని అణచియుంచిన రక్షణను తీసివేసితిమి.

మన భాషలో ముక్కునకు తెలియుదానిని వాసన యందుము. జన్మజన్మాంతరములనుండి చిత్తమున అంటియున్న సంస్కారమునకును వాసన యనియే పేరు. ఆనాడు ఆ ఇంట నిలిచినప్పుడు ఈ రెండర్థములును నాకు ఒక్కటిగా తోచినవి. పతంజలి క్లేశములకు నాలుగవస్థలను చెప్పుచు, మొదటిదానిని ప్రసుప్తమనెను. నిద్రించుచున్నది లేనిది కాదు. సాధకుడు ఒకనాటి వైరాగ్యావేశమున తన కోపమును, కామమును, అసూయను అన్నింటిని ఆనాడే పెకలింప బూనినచో, అడుగున నిద్రించుచున్నదంతయు ఒక్కసారి లేచి, ఇంటివారిని, మిత్రులను, తుదకు అతని శ్రద్ధనే ఊపిరాడకుండ చేయుట మనము చూడని విషయము కాదు. కఠోరవ్రతములు పూనిన కొందరు వ్రతాంతమున మునుపటికంటె కోపిష్ఠులగుటకు కారణము ఇదియే యని నా విశ్వాసము.

జ్ఞానమును అగ్నితో పోల్చిన గీత మాట యేమి, అగ్ని కట్టెలను విడిచివిడిచి కాల్చునా యని ఒకరు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. దీనికి విద్యారణ్యస్వామి జీవన్ముక్తివివేకమున యాజ్ఞవల్క్యుని ఉదాహరణముగా చూపెను. జనకుని సభలో వేయి గోవులను గెలిచిన ఆ మహర్షికి బ్రహ్మజ్ఞానము లేదని ఎవరును అనజాలరు. అయినను విద్యాగర్వము అతనిని విడువలేదు. ఆ సభలో జరిగిన వాదములోనే, అతనితో వాదించిన శాకల్యుని శిరస్సు రాలిపడెను. జ్ఞానము కలిగిన పిమ్మటను వాసనాక్షయమునకై వేరుగా పాటుపడవలసియే యున్నదనియు, యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడిచిపోవుట అందులకేననియు విద్యారణ్యుల సిద్ధాంతము. దీపము వెలిగించిన గదిలో చీకటి తత్క్షణమే పోవును గాని దుమ్ము పోదు, కనబడును. ఊడ్చుకొనుట మన పని.

ఊడ్చుకొను విధమునుగూడ ఆయన చెప్పెను. ముందు మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష యను శుద్ధవాసనలను నాటుకొనవలెను. వాని బలముచేత మలినవాసనలు సన్నగిల్లును. మిగిలిన సగము ఇసుకను మా అల్లుడు ఇంచుమించు ఈ మార్గముననే మార్చెను. దానిని ఆరు భాగములుగా ఎంచుకొని, పక్షమునకొక భాగమును గొట్టముతో, ఇసుకను, అందలి మురికినీటిని కలిపి, తొట్టిలో చెదరనీయక వెలుపలికి లాగివేసెను. ఆ చోట కడిగిన క్రొత్త ఇసుకను పోసి, పాత పైపొరనుండి తీసియుంచిన గుప్పెడు ఇసుకను దానిమీద చల్లెను. మా అమ్మాయి అది చూచి, "పాలకు తోడు వేసినట్లున్నది నాన్నా" అనెను. ఆ మాటలో శాస్త్రార్థమంతయు ఉన్నది. నిన్నటి పెరుగులోని చెంచాడు లేక నేటి పాలు తోడుకొననట్లే, మన పాత జీవితములోని మంచి యొక గుప్పెడైనను మిగులనిదే క్రొత్త జీవితము నిలువదు. మూడు నెలలలో ఇసుక యంతయు మారినది. ఒక్క ప్రాణియు చావలేదు.

ఇది అలసత్వమునకు సమర్థన యని యెవరును భావింపరాదు. ఆ మూడు నెలలును అతడు మేతను సగమునకు తగ్గించెను. వారము తప్పక పైపొరమీది మడ్డిని లాగివేసెను. ఇసుకను తిరుగదోడు నత్తలను తెచ్చి విడిచెను. క్రమము అనగా నిత్యము పని చేయుట. పని చేయక కూర్చుండి, నా మలినము నెమ్మదిగా పోవునులే యనుకొనువాని తొట్టిలో నల్లని చార నానాటికి పైకి పెరుగుచునే యుండును. మరియు ఇసుకకు తన్ను తాను తెలిసికొను శక్తి లేదు, మనకు కలదు. కావున మన బాధ్యత ఇంకను పెద్దది.

ఆత్మశుద్ధిని కోరు సోదరులకు, సోదరీమణులకు నేను విన్నవించున దొక్కటే. మొదట మీ మలినమునకు మేత తగ్గింపుడు. పిమ్మట మీలో నున్న మంచిని గుప్పెడు భద్రపరచుకొనుడు. అటుపిమ్మట ఒక్కొక్క మూల మాత్రమే, కాని పక్షము తప్పక, శుభ్రము చేసికొనుడు.