ఎన్నడుగులుంది?

జూలై వానలు ముదిరితే దుమ్ముగూడెంలో ఎవరికి ఎవరు ఎదురుపడ్డా ఒకటే మాట: "భద్రాచలం దగ్గర ఎన్నడుగులుంది?" 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో గోదావరి 71 కూడా దాటింది. నీళ్లు ఎక్కడ ఆగుతాయో ఎవరికీ తెలియదు. అయినా ఆ తెలియకపోవడం మనుషుల్ని విడదీయదు. పల్లపు ఇళ్లవాళ్లు మూటలతో మిట్టకు వస్తారు, మాటల్లేని దాయాదులు ఒకే వసారాలో పడుకుంటారు.

అదే ఊళ్లు ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గుత్తికోయ ఆదివాసుల దగ్గరికొచ్చేసరికి బిగుసుకుపోతాయి. ఎందుకన్నది నన్ను చాలాకాలంగా వదలని ప్రశ్న.

2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం మొదలయ్యాక బస్తర్‌లో పల్లెలు తగలబడ్డాయి. అక్కడివాళ్లు అడవి దాటి వచ్చి ఇటువైపు గుంపులు కట్టుకున్నారు. ఇప్పుడు మిరప కోతల్లో వాళ్ల చెయ్యి చాలా ఉంది. మధ్యాహ్నం చేను గట్టున చూడండి. ఊరి కూలీలు ఒక చెట్టు కింద క్యారియర్లు విప్పుతారు. గుత్తికోయలు ఇంకో చెట్టు కింద సొరబుర్రలోంచి జావ ఒంపుకుంటారు. మిరపకాయ ఘాటుకు అందరి చేతులూ ఒకేలా మండుతుంటాయి. ఇక్కడి కోయ పెద్దమ్మకు వాళ్ల మాటలు కొంతైనా అందుతాయి, దగ్గరి భాషే కదా. అయినా పలకరించదు. "ఎవరో ఏమిటో, మనకెందుకయ్యా" అంటుంది.

ఆ జంకు ఊరికే రాలేదు. కొత్తవాడికి అన్నం పెడితే పోలీసులు అడిగేవారు, పెట్టకపోతే అన్నలు, అంటే మావోయిస్టులు, అడిగేవారు. ఇలా ఏళ్లకేళ్లు బతికిన చోటు ఇది. పైగా పోడు, అంటే అడవి కొట్టి చేసే సాగు. అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగులో ఉన్న భూమికే గిరిజనుడికి హక్కు. పట్టా రాని రైతుకు, పక్కన ఎవరో కొత్తగా కొట్టిన పోడు తన దరఖాస్తుకు గొడ్డలిపెట్టులా కనిపిస్తుంది. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో ఇద్దరు గుత్తికోయలు ఒక ఫారెస్టు రేంజ్ ఆఫీసర్‌ను చంపారు. ఆ వెంటనే బెండాలపాడు గ్రామసభ గుత్తికోయలందర్నీ ఛత్తీస్‌గఢ్‌కు పంపేయాలని తీర్మానించింది. నేరం ఇద్దరిది, శిక్ష మాత్రం చంటిబిడ్డల దాకా. ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఇలా బిగుసుకుపోవడానికి ఒక జవాబు ఎల్సే ఫ్రెంకెల్-బ్రున్స్విక్ దగ్గర దొరుకుతుంది. ఆ మనస్తత్వ శాస్త్రవేత్త 1938లో నాజీల బారి నుంచి తప్పించుకుని అమెరికా చేరారు. 1949లో రాసిన వ్యాసంలో ఆమె ఒక బొమ్మల ప్రయోగం గురించి చెప్పారు. కుక్క బొమ్మ కొంచెం కొంచెంగా మారుతూ చివరికి పిల్లి అవుతుంది. పరాయి జాతులంటే గిట్టనివాళ్లు, బొమ్మ మారిపోతున్నా, మొదట అన్న మాటనే పట్టుకు వేలాడే ధోరణి చూపారట. ఇదో అదో తేలని స్థితిని ఓర్చుకోలేకపోవడమే దానికి మూలమని ఆమె అన్నారు. ఇల్లూ దేశమూ వదిలి వచ్చిన మనిషి అన్న మాట కాబట్టి నాకు దాని మీద గౌరవం.

కానీ ఆ ఓర్చుకోలేకపోవడాన్ని మనిషి స్వభావంగానే చూస్తే దుమ్ముగూడెం అర్థం కాదు. గోదారిని ఓర్చుకునే మనిషే పక్క గుంపును ఓర్చుకోలేకపోతున్నాడు. వరద అందరి మీదికీ ఒక్కసారే వస్తుంది, అడిగితే అడుగుల లెక్క చెప్పేవాళ్లుంటారు. పట్టా బెంగ ఎవరి గుడిసెలో వాళ్లదే. దాని లెక్క ఎవరూ చెప్పరు. ఒక్కడే మోసే సందేహం ఎక్కడో ఒకచోట దించుకోవాలి కదా, దగ్గర్లో కనబడేది కొత్తవాడే.

అందుకే ఆ పెద్దమ్మకు మంచితనం గురించి చెప్పడానికి నాకు నోరు రాదు. ఆమెకు కావలసింది పట్టా. గుత్తికోయ పిల్లలకు కావలసింది ఎస్టీ సర్టిఫికెట్. సరిహద్దుకు అవతల వాళ్లు ఎస్టీలే, ఇవతల ఆ కాగితం దొరకదు. ఈ రెండూ తేలితే అందరూ ఒకే చెట్టు కింద కూర్చుని తింటారని నేను చెప్పలేను. తేల్చాల్సింది మాత్రం వాళ్లు కాదు, ప్రభుత్వం.