పాత చొక్కాల బొంత

ధ్యానమునకు: మార్కు 2:21, అపొస్తలుల కార్యములు 9:36–41



ఒకని సంసారము సరిగా లేదని చెప్పవలసి వచ్చినప్పుడు మన యూళ్లలో "వాని బ్రతుకు అతుకుల బొంత" అందురు. బొంత కప్పుకొని పెరిగినవారే ఈ మాట అనుచున్నారు. మేమును బొంత క్రింద పెరిగినవారమే. మా తల్లిగారి నేత చీరలు రెండు, తండ్రిగారి పంచె ఒకటి, నడుమ పొరలలో మా అన్నదమ్ముల చినిగిన చొక్కాలు పఱచి మా నాయనమ్మ దానిని కుట్టెను. మేము సెమినరీకి బయలుదేరిన దినమున ఆమె దానిని మా పెట్టెలో పెట్టబోగా, తోటి విద్యార్థులు నవ్వుదురని సిగ్గుపడి వలదంటిమి. బజారులో ఒక పలుచని దుప్పటి కొనుక్కొని పోతిమి. డిసెంబరు నెల వచ్చుసరికి ఆ సిగ్గు ఎంత చల్లగానుండునో మాకు తెలిసెను. చుట్టుకొనుటకు చాలని దుప్పటిని గూర్చి యెషయా 28:20లో ప్రవక్త చెప్పిన మాట ఆ రాత్రులలోనే మాకు బోధపడినది.

ఈ నెల బొంతను గూర్చి వ్రాయుటకు ఒక కారణము కలదు.

గడచిన సంవత్సరము వర్షకాలములో మన సంఘపు యౌవన సహోదరుడొకడు, ఆటో నడుపుకొని కుటుంబమును పోషించుకొనుచుండినవాడు, నాలుగు దినముల జ్వరముతో ప్రభువునొద్దకు వెళ్లిపోయెను. భార్యయు ఇద్దరు చిన్నపిల్లలును మిగిలిరి. భూస్థాపన జరిగిన కొన్ని దినములకు, అతని పెదనాన్నయు మన సంఘపెద్దయునైనవాడు బంధువులతో వచ్చి, చనిపోయినవాని బట్టలు ఇంటనుంచరాదు, ఎవరికైనను ఇచ్చివేయవలెను, లేదా ఏటిలో విడువవలెను అని చెప్పెను. ఆమె ఇయ్యనన్నది. వాటిని ఇనుప పెట్టెలో పెట్టి తాళము వేసికొన్నది. ఆ పెట్టెలో ఏమున్నవి? మూడు ఖాకీ చొక్కాలు, రెండు లుంగీలు, క్రిస్మసుకు తొడుగుకొందునని కొని మడత విప్పకుండనే ఉంచిన నీలి రంగు మంగళగిరి నేత చొక్కా ఒకటి.

సంగతి మాయొద్దకు వచ్చెను. మేము ఆమె ఇంటికి పోయి, ప్రార్థన చేసి, "అమ్మా, పెద్దవాళ్లు చెప్పినట్టు చెయ్యి, గొడవ తీరిపోతుంది" అంటిమి. ఆమె తల యెత్తి, "అయ్యగారూ, వాక్యంలో అట్లా ఉందా?" అని అడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి. ఇన్ని సంవత్సరములుగా వాక్యమే ప్రమాణమని ప్రసంగించుచున్న మేము, ఆ దినమున వాక్యము తెరువకయే ఊరిమాటకు ప్రార్థన తొడిగి వచ్చితిమి. అది మా తప్పిదము. ఆ సహోదరియొద్ద ఒప్పుకొంటిమి, ఇక్కడను ఒప్పుకొనుచున్నాము.

ఇంటికి వచ్చి అపొస్తలుల కార్యములు తొమ్మిదవ అధ్యాయము తీసితిమి. యొప్పేలో తబితా, అనగా దొర్కా, చనిపోయినది. పేతురు మేడగదిలోనికి రాగా విధవరాండ్రు ఏడ్చుచు అతనియొద్ద నిలిచి, ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలను వస్త్రములను చూపిరి. గమనించుడి, వారు ఆమె గుణములను గూర్చి ఉపన్యసింపలేదు. గుడ్డలు చూపిరి. ఆమె చేతి కుట్టు వారి చేతులలో ఉన్నది. పేతురు వారిని గద్దింపలేదు. ఈ మాట మేము చెప్పగా ఆ సంఘపెద్ద, "అవి ఆమె కుట్టినవండీ, కట్టుకున్నవి కావు" అని వాదించెను. భేదమున్నమాట నిజమే. అయినను చావు ముట్టిన ఇంటి గుడ్డను ఏటిలో విడువవలెనన్న బోధ ఆ మేడగదిలో మాకు ఎక్కడను కనబడలేదు.

అప్పుడు మాకు మరియొక ఊరు జ్ఞాపకమునకు వచ్చెను. అమెరికా దేశపు అలబామా రాష్ట్రములో, అదే పేరుగల నది మెలిక తిరిగినచోట, గీస్ బెండ్ అను పల్లె ఉన్నది. మూడు ప్రక్కల నీరే. పత్తి తోటలలో బానిసలుగా పనిచేసిన నల్లజాతివారి సంతతివారు అక్కడ కాపురముందురు. తోట యజమాని పేరు పెట్‌వే. అందుచేత ఈనాటికిని ఆ యూరిలో ఎందరికో ఇంటిపేరు పెట్‌వేయే. 1932లో, అప్పిచ్చిన వర్తకుని కుటుంబము వారి పశువులను, పనిముట్లను, తిండిగింజలను సహా ఊడ్చుకొనిపోయినది. అప్పులవాడు ఇంటిమీదికి వచ్చుట ఎట్టిదో మన వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ యూరి స్త్రీలు బొంతలు కుట్టుదురు. గోడల సందులనుండి చలిగాలి దూరు ఇండ్లు వారివి. అరిగిన పనిబట్టలు, సంచి గుడ్డలు, ఏది దొరికిన అది కోసి అతికిరి. తల్లులనుండి వారికి వచ్చిన మాదిరి ఒకటున్నది. దానిని హౌస్‌టాప్, అనగా ఇంటికప్పు, అందురు. నడుమ ఒక చదరపు ముక్క పెట్టి, దాని నాలుగు ప్రక్కల నాలుగు పట్టీలు కుట్టుదురు. వాటి చుట్టు మరి నాలుగు. ఇట్లు చదరము చుట్టు చదరము పెరుగుచు మంచమంత యగును. మాదిరి ఇంతే, చిన్నపిల్లయు నేర్చుకొనగలదు. అయితే పట్టీ వెడల్పు ఎంత, రంగు ఏది, గీత తిన్నగా పోవలెనా, ఒరుగవలెనా అనునది కుట్టునామె ఇష్టము. తల్లి బొంతను కూతురి బొంతను ప్రక్కప్రక్కన పఱచిన, ఒకే ఇంటి ముఖములవలె పోలికయుండును గాని రెండును ఒకటి కావు. మరియొకటి. పైపొరను ఎవరిది వారు ఒంటరిగా అతుకుదురు; పొరలన్నిటిని కలిపి కుట్టునప్పుడు మాత్రము ఇరుగుపొరుగు స్త్రీలు చట్రము చుట్టు కూర్చుండి పాడుకొనుచు కుట్టుదురు.

1942లో ఆ యూరి మిస్సోరి పెట్‌వే అను స్త్రీ తన భర్తను పోగొట్టుకొనెను. ఆమె అతని పనిబట్టలను కోసి, పట్టీలు చేసి, అతని జ్ఞాపకార్థము బొంత కుట్టి, ప్రేమతో దానిని కప్పుకొనినదని ఆమె కుమార్తె అర్లోంజియా తరువాతి కాలములో చెప్పినది. నేడు ఆ బొంత వాషింగ్టను నగరపు జాతీయ చిత్రశాలలో ఉన్నది. అట్టి పనిబట్టల బొంతలలో మేము చూచిన విశేషమొకటి: ఎండకు గుడ్డ అంతయు వెలిసిపోయినను జేబు క్రిందనున్న చోటు వెలియదు. జేబు విప్పి తీసిన తరువాత దాని నీడ ముదురు రంగున నిలిచియుండును.

ఆ ప్రాంతపు స్త్రీలు 1966లో ఫ్రాన్సిస్ వాల్టర్ అను పాదిరిగారి సహాయముతో ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అను సహకార సంఘము పెట్టుకొనిరి. పట్టణపు దుకాణములవారు బొంతలన్నియు ఒకే కొలతలో అచ్చు గ్రుద్దినట్లుండవలెననిరి; కూలి కొరకు అట్లును కుట్టిరి. 1972లో సియర్స్ అను పెద్ద వ్యాపార సంస్థ దిండు గలీబుల పని ఇచ్చి, చారలుగా మందముగానుండు కార్డురాయ్ గుడ్డ పంపెను. మిగిలిన ముక్కలను స్త్రీలు ఇండ్లకు తెచ్చుకొని, ఆ క్రొత్త గుడ్డతో అమ్మమ్మల మాదిరినే కుట్టుకొనిరి. 2002లో హ్యూస్టను నగరపు కళాప్రదర్శనశాలలో గీస్ బెండ్ బొంతలను గోడలకు వ్రేలాడదీయగా, చదువుకొన్నవారు వచ్చి, ఇది ఆధునిక చిత్రకళయే అని ఆశ్చర్యపడిరి.

ఆ బొమ్మలను మేము ఫోనులో ఆ సహోదరికి చూపితిమి. ఆమెకు జాకెట్లు కుట్టు మిషను ఉన్నది. చాలసేపు చూచి, "ఇది నేను కుట్టగలను అయ్యగారూ" అనెను.

మన స్త్రీల సమాజములో బొంతకుట్టు బాగుగా తెలిసినవారు ఇప్పుడు ఒక్కరే మిగిలిరి. ఊరంతయు ఆమెను అవ్వ అనియే పిలుచును. అవ్వకు ఈ పని మొదట నచ్చలేదు. చనిపోయినవాని గుడ్డలని కాదు, అట్టి భయములు ఆమెకు లేవు. ఇద్దరు కుమారులను భూస్థాపన చేసిన తల్లి. "నడుమ ఇంత ఖాకీ ఖాళీగా వదిలితే అదేం బొంతే? పచ్చ లేదు, ఎరుపు లేదు" అనెను. "అది ఖాళీ కాదవ్వా, ఆయన వీపు" అని ఆ సహోదరి బదులు చెప్పెను. అవ్వ మరి మాటాడలేదు. అయితే ఆమె ఆ క్రొత్త నేత చొక్కాను కత్తిరింపబోగా అవ్వ చేయి పట్టుకొని, "నీళ్లు తాగని గుడ్డ ఇది. పాతదాన్ని చింపేస్తది" అనెను.

మార్కు 2:21 మీద మేము ఎన్నిమారులో ప్రసంగించియున్నాము. అవ్వకు తెలిసినంత మాకు తెలియలేదు. యువకుల గిటారును ఆపుటకు పెద్దలు ఈ వాక్యమునే చూపుదురు. పెద్దల పాత కీర్తనలను మూలకు త్రోయుటకు యువకులును దీనినే చూపుదురు. ప్రభువు ఉపవాసమును గూర్చిన ప్రశ్నకు బదులుగా ఈ మాట చెప్పెను. రాజ్యసువార్త పాత ఆచారమునకు వేయు మాసిక కాదనుట ఆయన భావము. కాని ఆ ఉపమానములోని గుడ్డ ఎట్టి గుడ్డ? ఇంకను నీట పడి కుంచించుకొనని గుడ్డ. దానిని అతికి ఉతికినప్పుడు అది కురచయై పాతదానిని లాగును, చినుగు పెద్దదగును. ఆయన క్రొత్త గుడ్డను నిందింపలేదు, పాత వస్త్రమును నిందింపలేదు. నజరేతు ఇంటిలో తల్లి మాసిక వేయుచుండగా చూచియుండునేమో. వాక్యము చెప్పదు, మా తలంపు మాత్రమే.

క్రొత్త పాట, క్రొత్త వాయిద్యము తెచ్చు బిడ్డలారా, తెండి. అయితే ముందు సంఘముతో తడియుడి. రోగి మంచమునొద్ద ఒక రాత్రి మేలుకొనుడి, సమాధి గుంట త్రవ్వునప్పుడు పార పట్టుకొనుడి, ముసలివారికి చదివి వినిపించుడి. పెద్దలారా, అట్లు తడిసి వచ్చినదానిని ఇంకను క్రొత్తగుడ్డయని త్రోసివేయుట న్యాయమా?

అవ్వ ఆ చొక్కాను ఉప్పునీళ్లలో ఒక రాత్రియంతయు నానవేయించెను. తెల్లవారుసరికి నీళ్లు నీలమాయెను. ఆరిన తరువాత కొలువగా పొడవు రెండు వ్రేళ్లు తగ్గినది. ఆ గుడ్డనే నడిమి చదరముగా పెట్టి, చుట్టు ఖాకీ పట్టీలు, వాటి చుట్టు లుంగీ గళ్ల పట్టీలు, ఆ సహోదరి మిషనుమీద అతికెను. క్రింద పొరలకు అవ్వ తన పాత చీరలు మూడిచ్చెను. కలిపి కుట్టు కుట్టు మాత్రము చేతితోనే, మన పద్ధతిగా అంచున మొదలుపెట్టి చుట్టు తిరుగుచు నడిమికి రావలెనని పట్టుబట్టెను. మొదటి దినమున ఇద్దరే కూర్చుండిరి. వారము తిరుగుసరికి తొమ్మండుగురైరి. ఆ తొమ్మండుగురిలో సంఘపెద్దగారి భార్యయు ఉండెను. ఆమె ఎవరికిని చెప్పకుండ వచ్చి, వెలుపలి వరుస కుట్టి పోయెనట.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు మంచు బాగుగా కురిసెను. ఆ సహోదరి పిల్లలిద్దరిని ఆ బొంతలో చుట్టి తీసికొనివచ్చి ముందు చాపమీద కూర్చుండబెట్టెను. ఖాకీ పట్టీలలో ఒకదానిమీద జేబు విప్పకుండ ఉంచినది. కానుకల సంచి వచ్చినప్పుడు చిన్నవాడు ఆ జేబులో చేయి పెట్టి, ఐదు రూపాయల బిళ్ల తీసి, సంచిలో వేసెను. సంచి పట్టుకొనినవాడు ఆ సంఘపెద్దయే. ఆయన ఏమియు అనలేదు. సంచి ముందుకు పోవుటకు మాత్రము కొంత ఆలస్యమైనది.

వచ్చు నెల మొదటి శనివారము మధ్యాహ్నము గుడి అరుగుమీద అవ్వయు ఆ సహోదరియు మరియొక బొంత మొదలుపెట్టుచున్నారు. సూదులు, దారము స్త్రీల సమాజమే ఇచ్చును. పాత చీరలు ఉతికి తీసికొనిరండి. క్రొత్త గుడ్డ తెచ్చువారు ముందుగా ఒక రాత్రి ఉప్పునీళ్లలో నానవేసి ఆరవేసి తేవలెను. లేనియెడల అవ్వ ముట్టుకొనదు.